తెలుపుపై తెలుపు

దండెముపై ఆరవేసిన తెల్లని పంచెను ఒకమారు నిదానముగా చూడుడు. చాకలి ఉతికి, గంజిపెట్టి, నీలిమందులో ముంచి తెచ్చినదే యనుకొందము. అది తెల్లనిదని మనము చూడకముందే నిర్ణయించుకొందుము. కాని కంటికి నిజముగా తోచునది వేరు. ఎండ సూటిగా పడినచోట లేత పసుపు. మడతల లోతున బూడిదవన్నె. ఆకాశము వైపునకు తిరిగిన నీడలో నీలము. వాకిలి ఎర్రమట్టి నేల యైనచో అంచు క్రింది భాగమున కొంచెము ఎరుపు. ఇది నిక్కమైన తెలుపు అని వ్రేలుపెట్టి చూపదగిన తావు ఆ పంచె మొత్తములో అరచేయంత యుండుటయు అరుదు.

కవులకు ఈ చిక్కు లేదు. కీర్తి తెలుపు, నవ్వు తెలుపు, శరత్కాలపు మబ్బు తెలుపు, శారదాదేవి చీర తెలుపు అని వారొక ఒడంబడిక చేసికొనిరి. వారు ఆ మాట అనిన చాలును, చదువరి తనకు నచ్చిన తెలుపును తానే ఊహించుకొనును. చిత్రకారుని కట్టి వెసులుబాటు లేదు. పటములోని ప్రతి అంగుళమునందును ఏ రంగు వేయవలయునో అతడు తేల్చుకొని తీరవలయును. తెల్లబట్ట కట్టిన మనిషిని తైలవర్ణములతో చిత్రించుట యూరపు ఖండపు చిత్రకారులకు కొన్ని శతాబ్దములపాటు గట్టి పరీక్షగా నుండుటకు ఇదియే కారణము. ఆ పరీక్షకు నిలిచిన ఒకానొక పటము చరిత్రను మేమిచట చెప్పదలచితిమి. అది 1862వ సంవత్సరపు ముచ్చట. అయితే అంతకు ముందు ఇద్దరు పెద్దలను తలచుకొనక తప్పదు.

మొదటివాడు స్పెయిను దేశీయుడు ఫ్రాన్సిస్కో జుర్బరాన్. అతడు 1598లో జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. ఉన్నిబట్ట ఎట్లు మడతపడునో, సన్నబట్ట ఎట్లు జారునో ఆ కుమారునకు అంగడిలోనే తెలిసియుండునని మనము అనుకొనిన తప్పులేదు. అతడు వృత్తిలో ప్రవేశించునాటికి సెవిల్ నగరమున క్రైస్తవ మఠములు అనేకము లుండెను. వానిలో కొన్నింటి సన్యాసులు నిలువెల్ల తెల్లని దుస్తులు ధరించువారు. మఠముల గోడలకు పటములు కావలసివచ్చినపుడు చిత్రకారునకు తెలుపుతో పని తప్పెడిది కాదు.

1628లో జుర్బరాన్ అట్టి మఠ మొకదానికి సెరాపియోన్ అను సాధువు పటమును వ్రాసి యిచ్చెను. బందీలను విడిపింపబోయి 1240లో హింసల పాలై మరణించిన వాడాతడు. మరణించిన సన్యాసుల దేహములను ఖననమునకు ముందు ఉంచెడి గది కొరకు ఆ పటము ఉద్దేశింపబడినది. అందు రక్తపు బొట్టు లేదు, గాయము కానరాదు. రెండు చేతులును త్రాళ్లతో పైకి కట్టబడియున్నవి; తల ఒక ప్రక్కకు వాలినది; తక్కిన పట మంతయు తెల్లని ఉన్ని అంగీయే. దాని మడతలు బరువుగా క్రిందికి దిగుచున్నవి. ఆ దేహమునకు జరిగిన ఘోరమును చిత్రకారుడు దేహమున చూపలేదు, బట్టచేత మోయించినాడు. ఈ పటము ఇపుడు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది.

ఇట్టి పని తైలవర్ణములలో సాధ్యమైనట్లు నీటిరంగులలో సాధ్యము కాదు. నీటిరంగులలో తెలుపు అనగా సాధారణముగ రంగు వేయక విడిచిన కాగితమే. తైలవర్ణములలో తెలుపు ఒక పదార్థము. దానిని దట్టముగా మెత్తవచ్చును, పలుచగా పులుమవచ్చును, తడి యారకముందే ప్రక్కరంగులోనికి కుంచెతో లాగవచ్చును. పూర్వులు కాన్వాసుపై ముందుగా గోధుమవన్నె పూత వేసి, దానిమీద వెలుగు భాగములను దట్టమైన తెల్లరంగుతో లేపి, నీడలలో పలుచని పూతతో సరిపెట్టుకొనెడివారు. అందువలన నీడలలో అడుగుపూత కొంచెము కనబడి, బట్టకు లోతు తెచ్చిపెట్టును. నువ్వులనూనెకు చుట్టమువంటి అవిసెనూనె కాలక్రమమున పసుపు తిరుగును గనుక, తెల్లరంగును నూరుటకు కొందరు అక్రోటునూనెను గాని గసగసాలనూనెను గాని వాడెడివారు.

రెండవ పెద్ద ఫ్రాన్సు దేశపు ఝాఁ బాప్తీస్త్ ఊద్రీ. అతడు 1749లో పారిసు నగరపు రాజకీయ చిత్రకళా పరిషత్తులో తోటి చిత్రకారుల యెదుట రంగులను గూర్చి ఒక ప్రసంగము చదివెను. అందు తన గురువైన లార్జిల్యేర్‌ను గూర్చి చెప్పిన ముచ్చట నేటికిని చిత్రకళా విద్యార్థులకు పనికివచ్చునది. పూలగుత్తి నొకదానిని చిత్రింపుమని గురువు ఆజ్ఞాపించగా, శిష్యుడు వన్నెవన్నెల పూవులు తెచ్చినాడట. గురువు వానిని కాదని, అన్నియు తెల్లనివే ఏరి తెమ్మని తోటకు పంపెను. తెచ్చిన తెల్లపూలను లేతవన్నె గోడకు ఎదురుగా నుంచి, చూడుమనెను. వెలుగు వైపున సైతము ఆ పూవులు గోడమీద మధ్యఛాయలుగనే తోచెను. నీడ వైపున వాని వన్నె శిష్యుడు అనుకొనినదానికన్న ఎంతయో నలుపు. పళ్లెములోని అచ్చ తెల్లరంగు కావలసినది ఏవో నాలుగైదు చోట్ల మాత్రమే. తెలుపును పక్కనున్న తెలుపుతో పోల్చి చూచిననే గాని దాని రంగు తెలియదన్నది ఊద్రీ బోధ. తాను 1753లో చిత్రించిన పటములో తెల్లగోడకు వ్రేలాడదీసిన తెల్లబాతు, తెల్లని తువాలు, మీగడ గిన్నె, వెండి దీపస్తంభము, మైనపువత్తి, కాగితము ఇవన్నియు నుండెను. ఒక్కొక్కదాని తెలుపు ఒక్కొక్కటి. ఆ పటము 20వ శతాబ్దము చివరి దశాబ్దమున ఇంగ్లండులోని ఒక పెద్ద భవనమునుండి దొంగిలింపబడినది.

ఊద్రీ పాఠము మనకు దగ్గరగా చూడవలెనన్నచో రాజా రవివర్మ 1893లో వ్రాసిన పటమొకటి కలదు. బిడ్డను చంకనెత్తుకొని, రానున్న తండ్రి వైపు చూచుచున్న మలయాళ స్త్రీ చిత్రమది. ఆమె కట్టుకొనినది బంగారు అంచుగల తెల్లని ముండు. ఆ అంచు పసిమివలన, ఆమె చర్మపు చామనచాయవలన బట్ట తెలుపుగా నిలిచినదే కాని, కేవలము తెల్లరంగువలన కాదు. ఇంతకు మించి ఇచట విస్తరింపము. రవివర్మకు వేరే ప్రసంగము కావలెను.

ఇక అసలు కథ. జేమ్స్ విస్లర్ 1834లో అమెరికాలో పుట్టి, 1855లో చిత్రకళాభ్యాసమునకై పారిసు చేరి, పిమ్మట లండనులో స్థిరపడినవాడు. మాట కరకు, అహంకారము మెండు, దానికి తగిన కన్నును కలదు. 1860 ప్రాంతమున అతనికి జోవన్నా హిఫర్నన్ అను యువతి పరిచయమయ్యెను. ఆమె ఐర్లండునుండి లండనునకు వలసవచ్చిన పేద కుటుంబపు పిల్ల. జో అని పిలుచువారు. రాగివన్నె కేశములు ఆమెకు అందము. 1861-62 శీతకాలమున పారిసులో విస్లర్ ఆమెను నిలువెత్తుగా చిత్రింపనారంభించెను.

పటము ఎత్తు ఏడడుగులు. వెడల్పు మూడున్నర అడుగులు. జో తెల్లని సన్నబట్ట గౌను ధరించి మన కెదురుగా నిలిచియున్నది. ఆమె వెనుక తెల్లని మస్లిన్ తెర, మనము మల్లుగుడ్డ యనునట్టిది. ఆ తెరగుండ కిటికీవెలుగు వడిసి వచ్చుచుండగా, కుడివైపునుండి వేరొక బలమైన వెలుగు ఆమెపై పడుచున్నది. ఎఱ్ఱని జుట్టు తప్ప పట మంతయు తెలుపే యగునని విస్లర్ ఒక మిత్రునకు ఉత్సాహముతో వ్రాసెను. ఆమె పాదముల క్రింద మృగచర్మము; దాని తల నోరు తెరచి మనవైపునకు తిరిగియున్నది. చర్మము క్రింద నీలివన్నె రత్నకంబళి. క్రిందికి వదలిన చేతిలో ఒక తెల్లకలువవంటి లిల్లీ పూవు. నేలమీద రాలిన పూవులు కొన్ని. ముఖమున నవ్వు లేదు, దుఃఖమును లేదు.

వెనుక తెల్లని తెర, ముందు తెల్లని గౌను; రెంటి నడుమ గీటు గీయరాదు. నల్లని గీటు గీసిననాడు అది బొమ్మ యగును గాని మనిషి కాదు. కావున తెరకు కొంచెము చల్లని వన్నె, గౌనుకు కొంచెము వెచ్చని వన్నె. భుజముపై గౌను తెరకన్న కాంతిమంతము, నడుము ప్రక్కన తెరయే గౌనుకన్న కాంతిమంతము. ఇట్లు ఒకచోట ఇది గెలిచి, వేరొకచోట అది గెలిచి, ఆకారము తనంత తాను తెరనుండి విడివడవలయును. లార్జిల్యేర్ పూలగుత్తితో చెప్పిన పాఠమే ఇది. కాని పూలగుత్తి జానెడు, ఇది ఏడడుగులు.

ఈ పనికి విస్లర్ ఎన్ని గొట్టముల తెల్లరంగు వాడెనో గాని, అది ఊరకే రాలేదు. నాటి చిత్రకారుల ప్రధానమైన తెలుపు సీసపు సఫేదా. తుత్తునాగముతో చేసిన తెల్లరంగు 1840 దశకమునుండి పారిసులో విరివిగా దొరకుచుండినను, దానికి కప్పుశక్తి తక్కువ, ఎండినపిదప బీటలువారు స్వభావము ఎక్కువ. సీసపుతెలుపు అట్లు కాదు. నూనెతో కలసి వెన్నవలె సాగును. కుంచె జాడను నిలుపును. గట్టిపడి శతాబ్దములు నిలుచును. దాని దోష మొక్కటే. అది విషము. విస్లర్ ఆ పటము వ్రాసినపిదప జబ్బుపడి, దక్షిణమున సముద్రతీరమునకు పోయి తేరుకొనెననియు, ఆ జబ్బు సఫేదావలన వచ్చిన కడుపుశూలయే యనియు అతని జీవితచరిత్రకారులు వ్రాసిరి.

చిత్రకారుడు సముద్రతీరమునకు పోగలిగెను. ఆ రంగును తయారుచేసిన కూలీలకు అట్టి తీరము లేదు. మట్టికుండలలో కొంచెము పుల్లని సిరక పోసి, దానిపై సీసపు రేకులుంచి, అట్టి కుండలను వందలకొలదిగ పేర్చి, చుట్టును పెంటయో, తోళ్లు పదునుచేసిన చెట్టుబెరడో కప్పి నెలల తరబడి మూసియుంచెడివారు. పెంట కుళ్లిన వేడికిని, సిరక ఆవిరికిని, పుట్టిన బొగ్గుపులుసు వాయువునకును సీసము మెల్లగా తెల్లని పొలుసులుగా మారును. ఆ పొలుసులను రాల్చి, కడిగి, పొయ్యిగదులలో ఎండబెట్టి, నూరవలయును. దుమ్ము లేచునది ఇచటనే. ఇంగ్లండులో ఆ పనులలో చాలభాగము స్త్రీలే చేసిరి. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1868లో తూర్పు లండను పేదవాడలు తిరిగి వ్రాసిన వ్యాసములో, సఫేదా మిల్లులో విషమెక్కి మూలబడిన ఒక ఐరిష్ యువతిని చూపించును. దినమునకు పద్దెనిమిది పెన్నీల కూలికి ఆడవారు ఆ పనిలో చేరుచుండిరి. కొందరికి విషము త్వరగా ఎక్కును, కొందరికి ఆలస్యముగా ఎక్కును. తమకు ఏది రాసియున్నదో ఎవరికిని తెలియదు. ఆకలి మాత్రము తెలియును.

తెల్లగౌనులో నిలిచిన జోవన్నాయు ఐరిష్ పడుచే. ఆమెపై కాంతిగా పరచుకొనిన తెల్లరంగును ఆమెవంటి వలసకుటుంబముల స్త్రీలు ఊపిరితో కొని యిచ్చిరి. ఈ రెండు సంగతులను ఒక్కచోట పెట్టి చూచువారు తక్కువ. పటము అందమునకు దీనివలన కొరత రాదు. కాని మేము ఆ పటమును తలచినపుడు ఆ మిల్లును మరువజాలకున్నాము. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సఫేదాపై ఒక ఒడంబడిక చేసి, భవనముల లోపలి రంగులలో దాని వాడకమును నిషేధించెను. స్త్రీలను, పదునెనిమిదేండ్లు నిండని బాలురను ఆ రంగుపనికి పెట్టరాదనెను. చిత్రకళకు మాత్రము ఆ ఒడంబడికలో మినహాయింపు నిచ్చిరి. దాదాపు ఆ కాలముననే టైటానియము తెలుపు అంగళ్లలోనికి వచ్చి, చిత్రకారులకు విషము లేని మార్గము చూపెను.

మరల 1862కు వత్తము. విస్లర్ తన పటమును లండనులోని రాయల్ అకాడమీ ప్రదర్శనకు పంపెను. ఆ ఏప్రిలులో జో స్వయముగా ఒక మిత్రునకు వ్రాసిన జాబు నిలిచియున్నది. పటము చూచినవారు కొందరు మెచ్చిరనియు, కొందరికి ఏమియు బోధపడలేదనియు, అకాడమీలోని ముసలివారు దీనిని త్రోసివేసినను వేయవచ్చుననియు ఆమె అందు తెలిపెను. ఆమె ఊహించినట్లే జరిగెను. అతని ఇతర చిత్రములను కైకొనిన అకాడమీ ఈ పెద్దపటమును త్రిప్పిపంపెను.

అప్పుడు బెర్నర్స్ వీధిలోని ఒక ప్రదర్శనశాల దానిని వ్రేలాడదీసి, 'తెల్లదుస్తుల స్త్రీ' అని పేరు పెట్టెను. ఆ పేరుతో విల్కీ కాలిన్స్ వ్రాసిన నవల అంతకు రెండేండ్ల క్రిందటనే లండనును ఊపివేసియుండెను. చూడవచ్చినవారు ఆ నవలలోని నాయికను వెదకికొని, కానక, పటమును తప్పుపట్టిరి. ఒక పత్రిక అట్లే విమర్శించెను. విస్లర్ వెంటనే జాబు వ్రాసెను: ఆ పేరు తన అనుమతి లేక పెట్టినది, ఆ నవలను తాను చదువనేలేదు, తన పటము తెల్లని తెరయెదుట నిలిచిన తెల్లబట్టల పిల్ల మాత్రమే.

ఇందు దాగిన తగవు చిన్నది కాదు. ఆనాటి ప్రేక్షకులకు పటమన్నచో ఒక కథ కావలెను. ఈమె ఎవరు, ఏల నిలిచినది, పూవు ఏల జారవిడిచినది? విస్లర్ ఆ ప్రశ్నలకు బదులియ్యడు. ఈ తెలుపు పక్కన ఆ తెలుపు ఎట్లున్నదో చూడుమనును. మరుసటి యేడు, 1863లో, పారిసు సాలోన్ పరీక్షకులును ఆ పటమును నిరాకరించిరి. ఆ యేడు నిరాకృతములు వేలకొలది యగుటచే గోల పుట్టి, చక్రవర్తి మూడవ నెపోలియన్ వానికి ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటుచేయించెను. మే 15న తెరచిన ఆ 'నిరాకృతుల ప్రదర్శన'లో జనము మానే వ్రాసిన వనభోజన చిత్రమును చూచి ఎట్లు నవ్విరో, విస్లర్ తెల్లపిల్లను చూచియు అట్లే నవ్విరి. విమర్శకులు మాత్రము కథలు కట్టుట మానలేదు. కస్తాన్యరీ అను విమర్శకుడు ఆమెను పెండ్లి మరునాటి ఉదయమున కలవరపడి నిలిచిన వధువుగా వ్యాఖ్యానించెను. మరికొందరికి ఆమె దయ్యపు నీడగ తోచినది.

ఒక్క పోల్ మాంట్జ్ మాత్రము వేరుగా చూచెను. ఇది తెలుపుల సింఫనీ, అనగా బహువాద్యసంగీతము, అని అతడు వ్రాసెను. దానితోపాటు ఇది క్రొత్త సంగతి కాదనియు, నూరేండ్ల క్రిందటనే ఊద్రీ తెల్లబాతును తెల్లగోడపై చూపియున్నాడనియు గుర్తుచేసెను. విస్లర్‌కు ఎత్తిపొడుపు మిగిలినదో, పొగడ్త మిగిలినదో చెప్పలేము గాని, ఆ సంగీతపు మాట మిగిలినది. 1867లో వేరొక తెల్లదుస్తుల పటమును 'తెలుపులో సింఫనీ, సంఖ్య 3' అను పేరుతో ప్రదర్శించెను. మొదటి పటమును సంఖ్య 1 అయ్యెను. అపుడు హామర్టన్ అను ఆంగ్ల విమర్శకుడు ఆ మూడవ పటములో పసుపువన్నె దుస్తు కలదు, నీలి పట్టీ కలదు, ఎఱ్ఱ విసనకఱ్ఱ కలదు, ఇది తెలుపెట్లగునని అడిగెను. ఒక స్వరము పేరు పెట్టిన సంగీతరచనలో ఆ స్వరము తప్ప మరొకటి వినరాదని ఆ మూర్ఖుని అభిప్రాయమా యని విస్లర్ మండిపడెను. సంగీతము వినెడి అలవాటున్న మన శ్రోతలకు దీనిని వేరే వివరింప నక్కరలేదు. తంబురా షడ్జమము మోగుచున్నంత మాత్రమున పాడువాడు గాంధారము ముట్టరాదని యెవరందురు?

1867 తరువాత విస్లర్ ఆ తొలిపటమును మరల చేతికి తీసికొని, 1872 లోపల కొన్ని భాగములను తిరిగి వ్రాసెను. యౌవనములో దట్టముగ మెత్తిన రంగు అతనికి మొరటుగ తోచినది కాబోలు. ఆకారమును మరికొంత మెత్తబరచెను. జోవన్నా అప్పటికి అతని సహచరిగా లేకపోయినను, వేరొక స్త్రీవలన అతనికి 1870లో కలిగిన కుమారుని పెంచి పెద్దచేసినది ఆమెయే. ఆమె 1886లో మరణించెను. విస్లర్ 1903 వరకు జీవించెను. పటము 1943లో వాషింగ్టనులోని జాతీయ చిత్రశాలకు చేరినది.

2022వ సంవత్సరము ఫిబ్రవరిలో లండనున ఒక ప్రదర్శన తెరచిరి. మూడు 'తెలుపులో సింఫనీ'లును ఒక్కచోట వ్రేలాడినవి. ప్రదర్శన పేరులో విస్లర్ పేరుతోపాటు జోవన్నా హిఫర్నన్ పేరును ఉండెను. దానిని జరిపినది రాయల్ అకాడమీయే. 1862 నాటి భవనము వేరు, ఆనాటి ముసలివారు వేరు. నూటయరువది యేండ్లకు ఆ తెల్లపిల్ల ఆ సంస్థ గడప దాటి లోనికి పోయినది.